జీనులపేట చావుబూర

ఎందాలె పెద్దాయన, మా పిలుపులో గాషే ఎందాలె, బూర చేతపట్టుకుని గుమ్మం దాటాడంటే జీనులపేటలో ఒక మనిషి తగ్గినట్టు. చర్చి గంట ఇంకా మోగదు. కుక్కలు కూడా ఒళ్లు విరుచుకుంటూ ఉంటాయి. ఆ చలిలో, చెవుల మీదికి టోపీ లాక్కుని, ఎడమకాలు కాస్త ఈడుస్తూ, సందు సందుకూ ఆగి ఊదేవాడు. తర్వాత పోయినవాళ్ల పేరు, వాళ్ల నాన్న పేరు, ఇల్లు ఎక్కడో చెప్పేవాడు. "నీళ్లు మోసేవాళ్లు రండి, గొయ్యి తవ్వేవాళ్లు రండి, కూర్చునేవాళ్లు రండి." అంతే. ఎలా పోయారో చెప్పడు. అది వచ్చినవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి.

మొదటి ఊదు మాత్రం ఎప్పుడూ పోయినవాళ్లతో మాటల్లేని ఇంటి ముందే. అది ఎందాలె నాన్న షిఫెరా పెట్టిన పద్ధతి. మిగతావాళ్లు పైబట్ట కప్పుకుని వచ్చేస్తారు, మాటల్లేనివాళ్లు మనసు సర్దుకుని రావాలి, వాళ్లకు కాస్త ముందు తెలియాలి అని ఆయన లెక్క. ఆ పద్ధతి వల్ల మా పేటలో ఎవరికి ఎవరితో పడదో ఎందాలెకు తెలిసినంతగా చర్చి పూజారికి కూడా తెలిసేది కాదు. పసిపిల్ల ఉలిక్కిపడి లేచిందని ఒకాయన తలుపు తీసి తిడితే, ఎందాలె బూర మూతి తుడుచుకుంటూ, "నువ్వు పోయినప్పుడు మెల్లిగా ఊదుతాలే, నీ కూతురు నిద్ర చెడకుండా" అన్నాడట. ఆయన నోరు అలాంటిది. పగలు బస్సుల దగ్గర కూర్చుని చెప్పులు కుట్టేవాడు. తాతల నాడు జీనులు కుట్టిన చేతులు చివరికి చెప్పుల మీద పడ్డాయి.

ఈ రాజధాని సంగతి పుస్తకాల్లో అందంగా రాస్తారు. రాణిగారికి వేడినీటి ఊటలు నచ్చాయట, పక్కనే ఇల్లు కట్టించుకుందట, ఊరికి కొత్త పువ్వు అని పేరు పెట్టిందట. ఆ పువ్వు చుట్టూ గుర్రాలు కావాలి, గుర్రాలకు జీనులు కావాలి, జీనులకు తోలు పని తెలిసినవాళ్లు కావాలి. అలా మా ముత్తాతల్ని తెచ్చి ఈ వాలు మీద దించారు. తోలు వాసన భరించలేక పెద్దవాళ్లు దూరంగా ఉండమన్నారు. తర్వాత ఊరు పెరిగి, ఆ దూరమే నడిబొడ్డు అయ్యింది. అప్పుడు మేం మళ్లీ వాసన కొట్టడం మొదలుపెట్టాం.

మా ముత్తాతల్ని దించకముందు ఈ వాలు మీద పశువులు మేపుకున్నవాళ్లు ఉన్నారు. ఆ సంగతి పుస్తకాల్లో ఉండదు. మా సందు చివర ఉల్లిపాయలు అమ్మే ఎత్యే బిఫ్తు, అంటే బిఫ్తు అక్క, ఆ జనం మనిషి. మేం పేట పోతుందని గుండెలు బాదుకుంటుంటే ఆమె ఉల్లి పొట్టు ఊదుకుంటూ, "మా తాతల్ని ఈ నేల మీంచి తోలినప్పుడు మీ తాతలు ఏ బూరా ఊదలేదే" అనేది. ఆ మాటకు మేం తలలు దించుకునేవాళ్లం. దించుకోవాలి కూడా. కానీ ఆమె ఇల్లూ మా ఇళ్లతోపాటే కూలింది. అధికారులు ఆ విషయంలో మాత్రం తేడా చూపలేదు.

మా గోడ పక్క గోడ అత్సెదె అవ్వది, మేం ఎమామా అత్సెదె అనేవాళ్లం. ఆమె ఇంట్లో బార్లీతో తెల్లా అనే నాటు బీరు కాచి అమ్మేది. పేటంతా సాయంత్రాలు ఆ చీకటి గదిలో, పొగలో, డబ్బా గ్లాసులతో కూర్చునేది. భర్త బెలైనెహ్ చిన్న వయసులోనే పోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు, సిరాక్. సైనికులు గద్దెనెక్కి, విప్లవమని ఎర్ర రంగు పేరు చెప్పి కుర్రాళ్లను ఏరిన ఏడాది, బడి నుంచి వస్తున్నవాణ్ణి పట్టుకుపోయారు. కాల్చారని తెలిసింది. శవం ఇవ్వలేదు. ఆ రోజుల్లో శవం దొరికినవాళ్లకు కూడా ఏడవడానికి వీల్లేదు. నల్లబట్ట కట్టుకుంటే నేరం, డేరా వేస్తే నేరం, గట్టిగా ముక్కు చీదినా నేరమే. ఇంటి ముందు తుపాకీవాడు కాపలా. తల్లి ఏడవకుండా చూడటానికి జీతమిచ్చి మనిషిని పెట్టిన ప్రభుత్వం అది.

ఆ తెల్లవారి షిఫెరా బూర ఊదలేదు. ఇంట్లో ఐదుగురు పిల్లలు, బయట తుపాకీ. ఆయన్ని మేం తప్పుపట్టలేదు. ఎమామా అత్సెదె కూడా పైకి తప్పుపట్టలేదు. కానీ ఆయన చచ్చేదాకా ఆయనకు తెల్లా పోయలేదు. బూర కొడుకు చేతికి వచ్చాక ఎందాలెకు పోసేది. పోసినప్పుడల్లా ఒక మాట అనేది.

"మీ నాన్న మింగిన పేరు నువ్వు కక్కాలిరా."

"శవం లేకుండా పిలవకూడదు ఎమామా. సంఘం ఒప్పుకోదు."

అది నిజమే. మా చావు సంఘం, ఇద్దిర్, కట్టుబాట్ల విషయంలో రాయి లాంటిది. శవం ఉంటేనే బూర, బూర ఉంటేనే డేరా, డేరా ఉంటేనే ఏడుపు. సైనికుల రాజ్యం కూలిపోయాక కూడా పెద్దలు ఆ రాయి కదపలేదు. ఒక్క పేరు పిలిస్తే ఇంకో ఇరవై గుమ్మాలు లేచి మాది మాది అంటాయని వాళ్ల భయం. అనాలి మరి. ఎందుకు అనకూడదు? కానీ మా పెద్దలకు భయం అలవాటైపోయింది, అది కట్టుబాటు అని పిలవడం కూడా అలవాటైపోయింది.

చివరికి ఎమామా అత్సెదెనే దారి కనిపెట్టింది. ఒక సాయంత్రం అందరూ ఉండగా గ్లాసు కిందపెట్టి, "నేను చస్తాగా. శవం ఉంటుందిగా. ఆ శవం మీద ఇద్దరి పేర్లూ పిలువు. ఏ కట్టుబాటు అడ్డొస్తుందో చూద్దాం" అంది. సంఘం పెద్ద గాషే మెకురియా అక్కడే ఉన్నాడు. గడ్డం గోక్కున్నాడు తప్ప కాదనలేదు. ఎందాలె సరేనన్నాడు. అప్పటినుంచి ఆమె చావంటే భయపడటం మానేసింది. వేళాకోళం కూడా మొదలుపెట్టింది. దగ్గు వస్తే, "ఎందాలె, బూర తుడుచుకో" అనేది.

అంతలో పేట పోయింది.

మొదట ఎర్ర రంగుతో తలుపుల మీద గుర్తులు వేశారు. తర్వాత మమ్మల్ని బడి హాల్లోకి పిలిచారు. నాహోమ్ అని ఒక కుర్ర అధికారి వచ్చాడు, మంచి బూట్లు, మంచి మాట. మట్టి గోడలు, రేకు కప్పులు, వీధి మరుగుదొడ్లు, ఇవన్నీ ఈ రాజధానికి తగవని, అతిథులు విమానం దిగి వస్తే కనిపించేది ఇదేనా అని బాధపడ్డాడు. అతని బాధ నిజమైనదే అనిపించింది. అదే మాకు కోపం తెప్పించింది. మా దొడ్లు చూసి వందేళ్లుగా మేం బాధపడ్డప్పుడు ఒక్క గొట్టం వేయనివాళ్లకు, అతిథులు చూస్తారనగానే కన్నీళ్లు వచ్చాయి. చరిత్ర ఉన్న కట్టడాలు వదిలేస్తామన్నాడు. జాబితాలో మా పేటలో ఒక్కటే ఉంది, ఒక విదేశీ వ్యాపారి కట్టించుకున్న రాతి మేడ. జీనులు కుట్టినవాళ్ల గదులు చరిత్ర కాదు. జీను ఎక్కినవాడిది చరిత్ర.

గాషే మెకురియా లేచి సంఘం డేరా, బల్లలు, పెద్ద కుండలు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. అందరినీ ఒకేచోటికి పంపుతారా అని కూడా అడిగాడు. ఖాళీ ఉన్నచోటికి ఖాళీని బట్టి పంపుతామని నాహోమ్ చెప్పాడు.

"అయితే చావు కబురు ఎలా వెళ్తుంది బాబూ?" అని ఎందాలె వెనక నుంచి అడిగాడు.

"ఫోన్లున్నాయిగా గాషే. ఒక గ్రూపు పెట్టుకోండి. నొక్కితే అందరికీ వెళ్తుంది."

"నొక్కడం మీకు బాగా వచ్చు" అంది బిఫ్తు. హాలంతా నవ్వింది. నాహోమ్ కూడా నవ్వాడు. నవ్వి, మరుసటి వారం యంత్రాలు పంపాడు.

అలా మమ్మల్ని ఊరి అంచులకు, నాలుగు దిక్కులకూ విసిరేశారు. ఎందాలెను తూర్పు కొసకు, మెకురియాను దక్షిణానికి. మా ఇంటిల్లిపాదీ, ఎమామా అత్సెదె ఒకే కాలనీలో పడ్డాం. ఆమెకు నాలుగో అంతస్తు వచ్చింది. నీళ్లు రెండో అంతస్తు దాటి ఎక్కవు. పొయ్యి పెట్టకూడదు, పొగ వస్తే కింద కాపలావాడు కేకలేస్తాడు. తెల్లా కాచే కుండను ఆమె మంచం పక్కన బోర్లించి దాని మీద దీపం పెట్టుకుంది. మెట్లు దిగితే ఎక్కలేనని దిగడం మానేసింది. కిటికీలోంచి ఎదురు కిటికీలు కనిపించేవి. "పక్కవాళ్ల పేరేంటో తెలీదు. నేనెవరో వాళ్లకి తెలీదు. ఇది ఇల్లా, జైలు కొట్టా?" అనేది. చివరి రోజుల్లో ఆమెను తొలిచినది ఒక్కటే దిగులు. పేట లేకపోతే బూర ఎక్కడ ఊదుతారు? ఆ మాట నన్ను అడిగితే నేను సర్దిచెప్పేదాన్ని. సర్దిచెప్పడం కూడా ఒక రకం అబద్ధమే.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఆమె పోయింది. నేనే కళ్లు మూశాను. మెకురియాకు ఫోన్ చేశాను, ఎందాలెకు చేశాను. ఇద్దరూ పొద్దుపోయాక వచ్చారు. శవం పక్కనే గొడవపడ్డారు. మెకురియా అలసిపోయిన మనిషి. కబురు ఫోన్లో పెడదాం, ఈ కాలనీ దగ్గర కొత్త చర్చి ఉంది, అక్కడే పూడ్చేద్దాం, అందరినీ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పడం ఎందుకు అన్నాడు.

"ఫోన్లో ఆమె పేరు పెడతావు. వాడి పేరు ఎవరు పెడతారు?" అన్నాడు ఎందాలె.

"అది కూడా రాద్దాంలే."

"రాస్తే చదువుతారు. పిలిస్తే వస్తారు. రెండూ ఒకటేనా మెకురియా?"

మరి ఈ కాలనీలోనే ఊదు అని మెకురియా అన్నాడు. ఎందాలె కిటికీలోంచి ఎదుటి భవనాల వైపు చూశాడు. "ఆమెతో మాటల్లేని ఇల్లు ముందు కదా ఊదాలి. ఇక్కడ అన్నీ మాటల్లేని ఇళ్లే" అన్నాడు. మెకురియా శవాన్ని తెల్లారి పాత చర్చికి తెస్తానని, పెట్టెకూ బండికీ ఏర్పాటు చూస్తానని ఒప్పుకున్నాడు.

తెల్లవారేలోపు ఎందాలె, నేను మొదటి బస్సులో జీనులపేట దిగాం. పేట అని నోరు అలవాటుకొద్దీ అంటున్నాను. అక్కడ గడ్డి ఉంది. గడ్డి మీద నడవద్దని బోర్డు ఉంది. ఎక్కడినుంచో తెచ్చి నాటిన ఈతచెట్లకు దీపాలు చుట్టారు. నున్నటి రాతి బాట, కూర్చోవడానికి బల్లలు, మధ్యలో ఒక ఫౌంటెన్. మా ఇళ్లలోకి రాని నీళ్లు అక్కడ పైకి చిమ్ముతున్నాయి. రాతి మేడను కడిగి కాఫీ హోటల్ చేశారు. దాని గోడ మీద, ఈ ప్రాంతపు వారసత్వాన్ని కాపాడుకుందాం అని ఇత్తడి పలక.

ఎందాలె ఆ పలక చదవలేదు. నేరుగా గడ్డిలోకి నడిచాడు. నేను చూస్తూ ఉన్నాను. లేని మలుపు దగ్గర తిరిగాడు. లేని మురుగుకాలవ మీద కాలు ఎత్తి వేశాడు. మా సందు చివర, బిఫ్తు గుమ్మం ఉన్నచోట ఆగాడు. ఒక పిల్ల పెళ్లి విషయమై బిఫ్తుకూ ఎమామా అత్సెదెకూ చాలా కాలంగా మాటల్లేవు. అక్కడ, ఖాళీ గడ్డి వైపు తిరిగి, బూర ఎత్తి ఊదాడు.

ఎవరున్నారని ఊదుతున్నాడు అనిపించింది. కానీ పేటను కూల్చినవాళ్లకు తెలియని సంగతి ఒకటి ఉంది. మమ్మల్ని ఊరి అంచుకు పంపారు గాని మా పనులను పంపలేదు. ఉల్లిపాయలు అమ్మేవాళ్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, తెల్లారి ప్రార్థనకు పాత చర్చికే పోయే ముసలివాళ్లు, అందరూ చీకట్లోనే బస్సులెక్కి ఇక్కడికే వస్తారు. పొద్దున్న ఆ వేళకు పేటలో సగం మంది ఆ చుట్టుపక్కల రోడ్ల మీదే ఉంటారు, ఇళ్లు లేకుండా.

"అత్సెదె, బెలైనెహ్ భార్య. తెల్లా కాచిన అత్సెదె" అని ఎందాలె పిలిచాడు. "ఆమె కొడుకు సిరాక్. సిరాక్ బెలైనెహ్. ఇద్దరికీ కలిపి రండి. నీళ్లు మోసేవాళ్లు రండి, గొయ్యి తవ్వేవాళ్లు రండి, కూర్చునేవాళ్లు రండి."

బస్సు దిగినవాళ్లు దిగినచోటే ఆగిపోయారు. ఒకామె నెత్తి మీది బుట్ట దించింది. చర్చి వైపు నుంచి చేతికర్రల చప్పుడు మొదలైంది. ఎందాలె తర్వాతి సందులోకి వెళ్లాడు, అంటే ఫౌంటెన్ చుట్టూ తిరిగాడు. మళ్లీ ఊదాడు. మళ్లీ రెండు పేర్లూ పిలిచాడు. బిఫ్తు ఉల్లిపాయల బస్తా రోడ్డు పక్కనే వదిలేసి, పైబట్ట అంచు మెడ వైపు తిప్పుకుంటూ గడ్డిలోకి వచ్చేసింది. చావుకు అలా తిప్పుకుంటాం. ఆమెను చూసి మిగతావాళ్లూ వచ్చారు.

పార్కు కాపలావాళ్లు ముందు బోర్డు చూపించారు. తర్వాత ఫోన్ చేశారు. పోలీసు బండి వచ్చింది. ప్రజలకు ఇబ్బంది కలిగిస్తున్నాడని ఎందాలెను ఎక్కించారు, బూర లాక్కున్నారు. ఏ ప్రజలకు అని ఎవరో అడిగారు. పోలీసు బండి తలుపు వేశాడు. అక్కడ ఉన్న ప్రజలమంతా మేమే.

బండి కదిలాక అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పిలిచినవాడు తిరిగి వచ్చి బూరను శవం ముందు నేల మీద పెట్టేదాకా ఆడవాళ్లు గొంతెత్తరు. గొంతెత్తకుండా శవాన్ని లేపరు. బూర లేకుండా ఎమామా అత్సెదెను పూడ్చడం కుదరదు. ఆ సంగతి తెలిస్తే పోలీసులు దాన్ని తీసుకెళ్లి ఉండేవాళ్లు కాదేమో. అంతలో మెకురియా శవపెట్టెతో చర్చి దగ్గరకు వచ్చాడు. జరిగింది విని, బండివాడితో, "స్టేషన్‌కి పోనీ" అన్నాడు. జీవితంలో ఆ మనిషి కట్టుబాటును కోపానికి వాడింది అదొక్కసారే.

స్టేషన్ ఆవరణ మాకు కొత్తది కాదు. సైనికుల కాలంలో అదే పేట ఆఫీసు. కుర్రాళ్లను తెచ్చి వెనక గదుల్లో కుక్కింది అక్కడే. తల్లులు అన్నం మూటలతో ఆ గేటు బయట నిలబడేవాళ్లు. మూట వెనక్కి ఇస్తే పిల్లాడు లేడని అర్థం. ఎమామా అత్సెదె మూట అలాగే తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆ గోడలకు కొత్త సున్నం వేశారు.

గేటు ముందు పెట్టె దించి చుట్టూ కూర్చున్నాం. ఎవరూ అరవలేదు, నినాదాలు లేవు. అది చూసి లోపలివాళ్లకు ఇంకా కంగారు పుట్టింది. ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చాడు. ధర్నాకు అనుమతి ఉందా అన్నాడు.

"ఇది ధర్నా కాదయ్యా, చావు" అంది బిఫ్తు. "మా బూర లోపలుంది. అది బయటికొస్తే ఏడుస్తాం, ఏడిస్తే పూడుస్తాం. నీ దగ్గర అట్టిపెట్టుకుంటే మేమూ నీ దగ్గరే ఉంటాం."

"శవాన్ని ఇలా రోడ్డు మీద పెట్టకూడదు తల్లీ."

"శవాల్ని రోడ్డు మీద పెట్టడం సైనికుల కాలంలో ఈ ఆఫీసు మాకు నేర్పిందే."

అతను చిన్నవాడు. ఆ మాట అర్థమయ్యే వయసు కాదు. అర్థమైందో ఏమో గానీ, లోపలికెళ్లి ఫోన్లు మాట్లాడాడు. ఎండ ఎక్కింది. ఎవరో ఉడికించిన గోధుమలు, సెనగలు తెచ్చి పంచారు. రోడ్డు మీద పోయేవాళ్లు, మా పేటవాళ్లు కానివాళ్లు కూడా ఆగి, పెట్టె చూసి, కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలాయన నా చెవిలో, సిరాక్ అని పిలిచారట కదా, మా అన్న పేరు కూడా పిలవొచ్చా అని అడిగాడు. నేను ఆయన చేతిలో ఇంకో గుప్పెడు సెనగలు పోశాను.

చివరికి ఇన్‌స్పెక్టర్ ఎందాలెను తీసుకుని వచ్చాడు. బూర అతని చేతిలోనే ఉంది. ఇస్తాను గానీ మళ్లీ ఊదకూడదన్నాడు. సరేనన్నాడు ఎందాలె. ఇవ్వబోతూ ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

"పార్కులో రెండు పేర్లు పిలిచావట. ఇక్కడ ఒక్క శవమే ఉంది. రెండోది ఎవరు?"

"ఈమె కొడుకు."

"శవం ఏది?"

ఎందాలె నోటికి ఎప్పుడూ వెటకారం సిద్ధంగా ఉంటుంది. ఆ వేళ లేదు. గేటు లోపల, కొత్త సున్నం వేసిన గదుల వైపు చూశాడు.

"మీ దగ్గరే ఉంది. తల్లి వచ్చి అడిగితే ఇవ్వలేదు. ఇప్పుడు మేం అడుగుతున్నాం."

ఇన్‌స్పెక్టర్ బూర ఇచ్చేశాడు. ఎందాలె దాన్ని పెట్టె ముందు నేల మీద పెట్టాడు. అంతసేపు ఏడుపు ఆపుకున్న బిఫ్తు, ఎమామా అత్సెదెతో ఏళ్ల తరబడి మాటల్లేని బిఫ్తు, రెండు చేతులతో గుండె మీద కొట్టుకుని మొదట సిరాక్ పేరు ఎత్తింది. ఆమె వెనక ఆడవాళ్లందరూ ఎత్తారు. ఏడుపులో అన్నం మూట ఎత్తారు, బడి సంచి ఎత్తారు, మీసం మొలవని మూతి ఎత్తారు. ఆ తల్లి ఏడవకూడదని తుపాకీ పెట్టిన గుమ్మం ఎత్తారు. ఆ తర్వాత తల్లి వంతు వచ్చింది. నా పక్కనున్న ముసలాయన తన అన్న పేరు తనే చెప్పేసుకున్నాడు, ఎవరినీ అడగకుండా. ఇంకొకామె తన చెల్లెలి పేరు చెప్పింది. మా పెద్దలు ఇన్నాళ్లూ భయపడింది దీనికే. మెకురియా తలవంచుకుని కూర్చున్నాడు, ఆపలేదు.

కిటికీల్లోంచి పోలీసులు చూస్తూ ఉండిపోయారు. మనుషుల్ని లేపడం ఈ రాజధానిలో అధికారులకు బాగా వచ్చిన పని. గుడిసెల్లోంచి లేపారు, వాలు మీంచి లేపారు, పసుల దొడ్లలోంచి లేపారు. ఆ రోజు ఆ గేటు దగ్గరి నుంచి మాత్రం మమ్మల్ని ఎవరూ లేవమనలేదు. ఏడుపు అయిపోయిందని మాకు అనిపించాక, మా అంతట మేమే లేచి పెట్టె భుజాన వేసుకున్నాం.